ఎన్నో నెల అని అడగలేదు

హైదరాబాద్ రాయదుర్గంలోని ఆ ఆఫీసు తొమ్మిదో అంతస్తులో జ్యోత్స్న కుర్చీ పక్కనే సక్కుబాయి కుర్చీ. ఒకరికి ఇరవై నాలుగేళ్ళు, ఇంకొకరికి అరవై రెండు. సక్కుబాయి ముప్పై ఒక్క ఏళ్ళు ఊళ్ళ వెంట తిరిగి గర్భిణులను చూసుకున్న నర్సమ్మ. రిటైరయ్యాక ఈ కంపెనీ ఏరికోరి పిలిపించుకుంది. గర్భిణులు ఫోన్ చేసి అడిగితే మనిషిలా మాట్లాడి జవాబు చెప్పే ఏఐ గొంతును ఇక్కడ తయారు చేస్తున్నారు. దాని జవాబులు చదివి ‘సరి’ అనో ‘తప్పు’ అనో గుర్తు పెట్టడం వీళ్ళిద్దరి పని. రెండు వేల జవాబులూ చూడడం అయింది. చివరి కాగితం మీద ఇద్దరి సంతకాలూ పడితే సోమవారం ఆ నంబరు జనంలోకి వెళ్తుంది.

ఆ గొంతంటే జ్యోత్స్నకు ముచ్చట. ఒకే మాట పదిసార్లు అడిగినా విసుక్కోదు. సక్కుబాయి కూడా మెచ్చుకునేది. "నాకు గింత ఓపికుంటే ఊరోళ్ళు గుడి కట్టేటోళ్ళు" అని నవ్వేది.

శుక్రవారం మధ్యాహ్నం సంతకాల కాగితం వచ్చింది. సక్కుబాయి కలం తీయలేదు. ప్రశ్నల జాబితాను మళ్ళీ మొదటి నుంచి చదవసాగింది.

"ఇగ జూడు బిడ్డా. ‘నాకు ముప్పై రెండో వారం. రెండు రోజులుగా తలనొప్పి, పాదాల వాపు ఉన్నాయి. ఏం చేయాలి?’ గిట్ల ఎవరడుగుతరే?"

జ్యోత్స్న తన ఊరి ఆడవాళ్ళను తలచుకుంది. ఎవరూ అడగరు. ఫోను మొగుడిది, పక్కన అత్త ఉంటుంది. తలకాయ నొస్తుందంటారు, అంతే. మిగతాది ఎదుటి మనిషి తవ్వి తీసుకోవాలి. ఈ ప్రశ్నలన్నీ ఆఫీసువాళ్ళు రాసినవి. జవాబుకు కావలసినదంతా ప్రశ్నలోనే సర్ది పెట్టారు.

ఇంతలో టీమ్ లీడ్ భరత్ వచ్చాడు. అనంతపురం మనిషి, మంచివాడే, తొందర మనిషి.

"ఒక్క తప్పన్నా దొరకలేదు కదమ్మా మీకు. ఇంకేం అడ్డం?"

"నువ్వే ఫోన్ కొట్టు సారూ. తలకాయ నొస్తుందను. ఇంకో ముక్క జెప్పకు."

"నేనా? నా గొంతు వింటే నమ్ముతాదా అది?"

"నమ్మక తిరిగి అడిగితే నీకే మంచిది. కొట్టు."

భరత్ నవ్వుతూ స్పీకర్ పెట్టి సన్నగా, "తలకాయ నొస్తాంది" అన్నాడు.

"కంగారు పడకు తల్లీ. నీళ్ళు బాగా తాగు. కాసేపు పడుకో. తగ్గకపోతే డాక్టర్‌ను కలువు" అంది గొంతు, ఎంతో ఆప్యాయంగా.

"బాగానే చెప్పింది కదా?"

"మంచిగనే జెప్పింది. ఎన్నో నెల అని అడిగిందా? కాళ్ళు ఉబ్బినయా, కండ్లు మసకలైతున్నయా? ఐదో నెల దాటినంక గట్ల నొస్తే బీపీ జూపెట్టుకోవాలె. పండుకోమంటే పండుకుంటది సారూ ఆ పిల్ల. ఫిట్స్ వొచ్చినంక లేపుతరు."

భరత్ ముఖంలో నవ్వు పోయింది. అయినా గడువు గడువే. "ఇది డాక్టర్ సలహా కాదని చిన్న అక్షరాల్లో రాసినాం కదమ్మా."

"ఫోన్ల మాటకు చిన్నక్షరాలు యాడుంటయి? ఏమన్నయితే దీన్ని అడుగుతరా? దీనికి ఇంటి పేరు గూడ లేదాయె. కాగితం మీద నా పేరుంటది."

భరత్ జ్యోత్స్న వైపు తిరిగాడు. "నువ్వైనా సంతకం పెట్టు. ఒకరిది ఉంటే పైవాళ్ళను నేను ఒప్పిస్తా. నీ ఆరునెలల ట్రయల్ కూడా ఈ వారంతో అయిపోతాంది."

బెదిరింపుగా అనలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది. ఉద్యోగం ఖాయమైందని ఇంట్లో ముందే చెప్పేసింది ఆమె.

సక్కుబాయి ఆమె వైపు చూడలేదు. పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. ఎన్ని గడపల్లో ఇలా కూర్చుని ఉంటుందో, ఎవరినీ తొందర పెట్టకుండా, చెప్పాల్సిన మాట వాళ్ళంతట వాళ్ళకు వచ్చేదాకా.

"నేనూ పెట్టను సార్" అంది జ్యోత్స్న. ఆ గదిలో ఎవరికీ ఎప్పుడూ ఎదురు చెప్పని పిల్ల.

"నోటిమాట పైకి మోసుకుపోలేను. రాసియ్యి" అన్నాడు భరత్.

రాసింది: ‘పరీక్ష ప్రశ్నలు మనమే రాసుకున్నాం. అందుకే అన్నీ సరిపోయాయి. తిరిగి అడగడం నేర్పకుండా దీన్ని జనంలోకి పంపకూడదు.’ కింద పేరు రాసి సంతకం చేసింది. సక్కుబాయి కలం తీసింది. భరత్ రెండుసార్లు చదువుకుని, కాగితం మడవకుండానే పై అంతస్తుకు వెళ్ళాడు.

సోమవారం ఆ నంబరు బయటికి వెళ్ళలేదు. ఆరు వారాలు వెనక్కి జరిపారు. జ్యోత్స్న ట్రయల్‌ను కూడా మూడు నెలలు పొడిగించారు. ఇంటికి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పేసింది.

ఆ సోమవారం మధ్యాహ్నమే ఆఫీసు ఊడ్చే యాదమ్మనూ, మూసాపేట నుంచి పనికి వచ్చే మరో నలుగురు ఆడవాళ్ళనూ సక్కుబాయి కూర్చోబెట్టింది. కడుపుతో ఉన్నప్పుడు నర్సుకు ఫోన్ చేస్తే ఎట్లా మొదలుపెడతారో చెప్పమంది. యాదమ్మ సిగ్గుపడింది, చీపురు పక్కన పెట్టింది, ఉత్త చేతిని చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏం లేదమ్మా, ఉత్తగనే జేసిన."

జ్యోత్స్న కొత్త జాబితాలో దాన్ని మొదటి ప్రశ్నగా రాసుకుంది.