మూలలాయన, ఒంటి లెన్సు

పత్రికాఫీసులో ఆయన్ని అందరూ మూలలాయన అంటారు. ఫొటో చేతికిస్తే లోకంలో ఎవరైనా ముందు మనిషి మొహం చూస్తారు. ఈయన నాలుగు మూలలూ చూస్తాడు. మూలన ఉన్న గడ్డిపరక గడ్డిపరకలా కనిపిస్తేనే నడిమధ్య నిలబడ్డ మనిషికి ఆయన దగ్గర మర్యాద. తన పెళ్లి ఫొటో చూసి, "మూలనున్న మా మేనత్త ముక్కు కరిగిపోయింది" అని ఫొటోగ్రాఫరుతో తగువు పెట్టుకున్నాడనీ, పెళ్లికూతురు ఎలా ఉందో మర్నాడు గానీ చూసుకోలేదనీ చెబుతారు. ఆ పెళ్లికూతురు ఈ మాటని ఇవాళ్టికీ కాదనలేదు.

ఊళ్లు తిరిగి ఫొటోలు తియ్యడం ఆయన ఉద్యోగం. ఇరుకు గదులకో లెన్సు, మనుషులకో లెన్సు, దూరపు కొండలకో లెన్సు, మసక వెలుతురుకి ఇంకోటి. అన్నీ ఒకే సంచిలో, ఆ సంచి ఒకే భుజాన. ఒకసారి పడవెక్కి సంచి ఒక పక్కన పెడితే, పడవ ఆ పక్కకే తిరుగుతూ తిరుగుతూ ఎక్కిన రేవులోనే మళ్లీ దించిందట. పడవవాడు డబ్బులు మాత్రం అవతలి రేవువే తీసుకున్నాడట.

కథల సంగతి అలా ఉంచితే, భుజం మాత్రం నిజంగానే చెడింది. చెయ్యెత్తితే లోపలెవరో గడియ పెట్టినట్టు టక్కున పట్టేస్తోంది. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి చూసి, "సంచైనా మానండి, ఉద్యోగమైనా మానండి" అన్నాడు. ఎడిటరుగారు ఇంకా మెత్తగా చెప్పారు. "ఆఫీసులోనే కూర్చుని వచ్చిన ఫొటోలు ఏరే పని ఒకటుంది. మంచి కుర్చీ. మనవాళ్లు ఫొటోలకి బయల్దేరే కొండల ప్రయాణానికి మీరూ వెళ్తారో, మీ బదులు వేరేవాళ్లని పంపాలో రాత్రికల్లా చెప్పండి." కుర్చీ మాట చెవిన పడగానే మూలలాయనకి భుజం నొప్పి గుండెలోకి దిగినట్టయింది.

కెమెరాల దుకాణం పెట్టుకున్న బావమరిది ఆ పొద్దున్నే ఒక లెన్సు పట్టుకొచ్చాడు.

"బావా, ఇదొక్కటి చాలు. ఇటు తిప్పితే గదిలో వాళ్లందరూ పడతారు. అటు తిప్పితే చంద్రుడి మీద పాకే చీమకి మీసాలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ సంచి అటకెక్కించెయ్!"

"చంద్రుడి మీద చీమలున్నాయని ఎవడు చెప్పాడ్రా నీకు?"

"ఇందులోంచి చూశాకే తెలిసింది బావా. సాయంత్రం దాకా ఉంచుకో. నచ్చితే నీది. లేకపోతే గీత పడకుండా నాకిచ్చెయ్."

మూలలాయన జీవితంలో మొదటిసారి ఒక లెన్సు బాగుండాలని మొక్కుకున్నాడు. హాల్లో గోడ నిండా దినపత్రిక కాగితాలు గుండుసూదులతో గుచ్చి, ఎదురుగా స్టాండు మీద కెమెరా నిలబెట్టాడు. హాలు దాటాలంటే ఆయన భార్య వంగి దాటాల్సి వచ్చింది. 

వెడల్పుగా తీస్తే గోడ కడుపుతో ఉన్నట్టు ఉబ్బింది. పోనీలే అనుకున్నాడు. నడిమికి తిప్పి తీస్తే ఫరవాలేదనిపించింది. పూర్తిగా దూరానికి తిప్పి తీశాడు. మధ్యలో వార్తలు శుభ్రంగా ఉన్నాయి. మూలల్లో అక్షరాలు వానలో తడిసినట్టు ఒకదాన్నొకటి వాటేసుకున్నాయి. పైగా దూరానికి తిప్పేకొద్దీ ఇంకాస్త వెలుతురు కావాలని పేచీ. కిందికి వంచితే దాని గొట్టం తనంతట తనే ఏనుగు తొండంలా జారిపోతోంది.

"ఛీ!" అన్నాడు.

భార్య కంప్యూటరు తెర మీదికి తొంగిచూసింది. "బాగానే ఉందిగా! ఆ మూలన ఏముందని? గుండుసూదేగా!"

"దానికి తలెక్కడుంది చూపించు!"

"గుండుసూదికి తల లేదని నా తల తింటారేంటండీ?"

మధ్యాహ్నానికి మేడ మీది వరండాలోంచి వీధిని తీశాడు. ఎదురింటి దర్జీ, ఆయన మిషను బాగానే వచ్చారు. మూలనున్న సైకిలు చక్రంలో పుల్లలు మాత్రం మాయమయ్యాయి. మళ్లీ తీశాడు. పుల్లలు రాలేదు. దర్జీ విసుగెత్తి, "అయ్యా, తీసినవి చాలు, మీ చొక్కా గుడ్డలో నేనేం కొట్టెయ్యట్లేదు!" అని కేకేశాడు.

సాయంత్రం బావమరిది వచ్చేసరికి అక్క దారిలోనే పట్టుకుంది. "ఒరే తమ్ముడూ, ఈయనకి కళ్లలో జబ్బు. ఇద్దరం కలిసి వదిలిద్దాం పట్టు." మూలలాయన్ని లోపలి గదిలో కూర్చోబెట్టి, వరండాలో స్టాండు కదల్చకుండా అదే వీధిని కొత్త లెన్సుతో కొన్నీ, సంచిలోవి మార్చి మార్చి కొన్నీ తీశారు. వాటిని కలగాపులగంగా తెర మీద పెట్టి ఆయన్ని పిలిచారు.

"ఏది దేనితో తీశామో చెప్పండి. చెప్పలేకపోతే నోరెత్తకుండా ఈ లెన్సుతో కొండలకి వెళ్లాలి. సరేనా?"

"సరే" అన్నాడాయన. ఓడిపోవాలని ఆయనకున్నంత ఆశ వాళ్లిద్దరికీ కలిపినా లేదు. కళ్లు సగం మూసి చూశాడు. మనసుని ఎటో పంపించి చూశాడు. అయినా పాడు కళ్లు ఆగవే!

"ఇది పాతది. ఇది కొత్తది. ఇదీ కొత్తదే. ఇవి పాతవి." నడిమికి తిప్పి తీసిన వాటి దగ్గర మాత్రం కాస్త తడబడి, మూలకి ముక్కానించి చూసి చెప్పాడు. దూరపువాటిని వాకిట్లోంచే గుర్తుపట్టేలా ఉన్నాడు. ఒక్కటీ తప్పలేదు.

గెలిచినవాడి మొహంలో అంత ఏడుపు బావమరిది ఎన్నడూ చూడలేదు. "నాకైతే అన్నీ ఒకేలా ఉన్నాయి బావా" అన్నాడు మెల్లగా.

"నాక్కూడా అలా ఉంటే బాగుణ్ణు కదరా!" అని అరిచి, మూలలాయన కోపంగా పాత సంచిని భుజానికెత్తబోయాడు. గడియ పడింది. సంచి సగంలో ఆగింది, ఆయనా సగంలో ఆగాడు. భార్య పరుగున వచ్చి సంచి దించింది.

బావమరిది లెన్సుని డబ్బాలో పెట్టుకుంటూ ఓదార్పుగా అన్నాడు. "పోనీలే బావా. కుర్చీ కూడా మంచిదే అంటున్నారుగా..."

"ఇటు తే దాన్ని!"

లాక్కుని, తెర మీద ఫొటోలు మళ్లీ వెనక్కీ ముందుకీ తిప్పాడు. తాను తడబడ్డ వాటి దగ్గర ఆగాడు. లెన్సుని సరిగ్గా అంతమేరకే తిప్పి పట్టుకుని, "జిగురున్న గుడ్డ టేపు ఏదీ?" అన్నాడు. భార్య తెచ్చిచ్చింది. ముందుకి జారే గొట్టానికి ఒక కొస, వెనక కదలని భాగానికి ఇంకో కొస అంటించి పట్టీ బిగించాడు. ఇంక ఎంత తిప్పినా గొట్టం నడిమి దాటి రాదు, పలుపుకి కట్టిన దూడలాగ.

"బావా! అయ్యో, బావా! ఇంత పొడుగు జూమున్న లెన్సుకి కాళ్లు కట్టేస్తావా? ఇంక దూరపువెలా తీస్తావ్?"

"దగ్గరికెళ్లి తీస్తా. చెడింది భుజంరా, కాళ్లు కాదు."

"ఏటికి అవతల ఉంటేనో?"

"అవతలివాడు తీసుకుంటాడు."

"ఆ జిగురు పోదు. నేనింక వెనక్కి తీసుకోలేను."

"నిన్నెవడు తీసుకోమన్నాడు?"

అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూలలాయన అప్పటికే ఎడిటరుగారికి ఫోను కలిపాడు.

"నేనే వెళ్తున్నానండీ... లెన్సా? దరిద్రంగా ఉంది. అయినా తీసుకెళ్తున్నా. కాకపోతే అందరికంటే ముందే నన్ను పంపించెయ్యండి... ఎందుకేమిటండీ, ప్రతిదాని దగ్గరికీ నడవాలి కదా!"

ఎడిటరుగారు ఏమన్నారో పూర్తిగా వినకుండానే ఫోను పెట్టేసి, నడిచే బూట్లు వెతకడానికి లేచాడు. ఒకటి దొరికింది. రెండోదాని కోసం మంచం కిందికి దూరి, అక్కణ్ణుంచే లెన్సుని తిట్టడం మొదలుపెట్టాడు.