చావని శీలావతులు

బందరు కాలేజీలో చేపల శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ శ్యాంబాబు ఫోను టింగుమందంటే, ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఆయన పేరు రాశారని అర్థం. ఏ బ్రెజిల్లోనో, ఏ ఈజిప్టులోనో ఒక శాస్త్రవేత్త కొత్త వ్యాసం రాస్తూ, ‘ఈ సంగతి శ్యాంబాబు ముందే తేల్చాడు’ అని చూపిస్తాడు. దాన్ని సైటేషన్ అంటారు. అవి ఎన్ని పోగైతే శాస్త్రవేత్తకి అంత పరువు. శ్యాంబాబుకి ఎన్ని పోగయ్యాయంటే, ఆ టింగుటింగులు విని పక్కింటి పిల్లలు ఐసుబండి వచ్చిందనుకుని గ్లాసులు పట్టుకుని వీధిలోకి పరిగెత్తేవారు.

ఆయన రాసినవి బోలెడున్నా, ఆ టింగుల్లో ముప్పాతిక మువ్వీసం ఒకే ఒక్క వ్యాసానివి. పదేళ్ల కిందట ఆయన తన సొంతగడ్డ దివిసీమలో, నాగాయలంక కాలవల్లోంచి శీలావతి చేపలు పట్టించాడు. వాటిని కృత్తివెన్నులో చేపల రైతు లీలావతిగారి చెరువు గట్టు మీద సిమెంటు తొట్టిలో వేసి, నీళ్లలో గాలి తగ్గించి, పైన పట్టా కప్పి సాయంత్రం బస్సుకి బందరు వెళ్లిపోయాడు. నీళ్లలో గాలి కొలిచే మీటరు కాలేజీ మొత్తానికి ఒక్కటే కాబట్టి దాన్నీ సంచిలో వేసుకు వెళ్లాడు. తెల్లారేసరికి సగం చస్తాయి, బతికినవాటి రక్తంలో ఏముందో చూడాలని ఆయన ఎత్తు.

మర్నాడు వచ్చి పట్టా తీస్తే ఒక్కటీ చావలేదు. పెళ్లికి ముస్తాబైనట్టు మిలమిలలాడుతూ తిరుగుతున్నాయి. రక్తం పరీక్ష చేయిస్తే అన్నిటి జన్యువుల్లోనూ ఒకేచోట ఒకే తేడా. ఇంకేముంది! గాలి లేకపోయినా చావని దివిసీమ శీలావతి, దాని శరీరధర్మం, దాని జన్యువు అని వ్యాసం రాసేశాడు. ఆ తర్వాత ఆ చేపలు నీళ్లు కూడా అక్కర్లేకుండా గుడివాడ బజారుదాకా నడిచి వెళ్లాయన్నా నమ్మేవాళ్లు తయారయ్యారు.

అందుకే ఆ ఆదివారం గుడివాడలో చేపల రైతులంతా కలిసి సన్మానం పెట్టారు. చర్చి నుంచి నేరుగా, తెల్ల చొక్కా నలక్కుండా వచ్చి కల్యాణమండపం ముందు వరసలో కూర్చున్నాడు శ్యాంబాబు. పక్కన ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న పూర్ణిమ. ఆ అమ్మాయి థీసిస్ మొత్తం ఆ శీలావతుల మీదే.

అప్పుడొచ్చింది పోలమ్మ. లీలావతిగారి చెరువు కాపలా ఆవిడదే.

“గుర్తున్నానా బాబూ?”

“ఎందుకు గుర్తులేవు పోలమ్మక్కా! నీ చేపల పులుసు ఇంకా నాలిక మీదే ఉంది.”

“పులుసు సంగతి అటుంచు. ఇవాళ నీకు కప్పే శాలువాలో సగం నాది. తెలుసా?”

“సగం ఏం ఖర్మ, మొత్తం తీసుకో.”

“తీసుకుంటాను, నాకేం మొహమాటం? ఆ తెల్లారుజామున నేను లేచి చూడబట్టి సరిపోయింది గానీ, నీ చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలిపోయాయి.”

శ్యాంబాబు మొహం మీద నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది. “తేలిపోయాయా?”

“ఒక్కటి మిగిలితే ఒట్టు. అంత దూరం నుంచి తెచ్చుకున్నవి మా గట్టు మీద చస్తే మాకెంత అప్రతిష్ఠ! చుట్టంలా వచ్చినవాణ్ణి చచ్చిన చేపలిచ్చి పంపుతామా? నీళ్లు మార్చి, వల విసిరి, మన చెరువులోవి సైజు చూసి మరీ పట్టి వేశాను. పట్టా కూడా నువ్వు కప్పినట్టే కప్పాను.”

“మరి నాకు చెప్పలేదేం అక్కా?”

“బాగుంది! చేసిన మర్యాద నోటితో చెప్పుకుంటారా ఎవరైనా? ఇప్పుడంటే నువ్వు పెద్దవాడివయ్యావు కాబట్టి సంతోషం పట్టలేక చెప్పాను.”

శ్యాంబాబుకి లెక్క తెలిసిపోయింది. చెరువులోవన్నీ ఒకే హేచరీలో పొదిగించిన ఒకే తల్లి పిల్లలు. అక్కచెల్లెళ్లందరికీ ఒకే ముక్కు ఉన్నట్టు, వాటన్నిటికీ ఆ తేడా ఉంది. అది ప్రాణం నిలిపే జన్యువూ కాదు, పాడూ కాదు. ఢాకాలో ఒకాయన ఇదే పరీక్ష చేస్తే చేపలన్నీ చచ్చాయి. శ్యాంబాబు అంతటివాడు తప్పు రాస్తాడా, మా నీళ్లలోనే ఏదో లోపం ఉంది అని రాసుకున్నాడు పాపం. అదీ ఒక టింగే అయింది.

లేచి వెళ్లిపోదామనుకునేలోగా ఇద్దరు రైతులు చెరో రెక్కా పట్టుకుని వేదిక ఎక్కించారు. శాలువా మీద శాలువా పడింది. గజమాల పడింది. మెడ తిప్పడానికి కూడా వీల్లేకుండా కూర్చున్నాడు. బయట మూడురోజులుగా మబ్బు. మబ్బు పట్టిన రోజుల్లో చెరువు నీళ్లలో గాలి అసలే తక్కువ.

లీలావతిగారు మైకు అందుకున్నారు. “మా తమ్ముడు శ్యాంబాబు శీలావతి పిల్లల్నే ఈసారి మా చెరువులన్నిటా పోశాను. నీళ్లలోకి గాలి కొట్టే మిషన్లకి కరెంటు బిల్లు కట్టలేక చస్తున్నాం. రేపు పొద్దున్నే అన్నీ విప్పించేస్తున్నా. నన్ను చూసి మీరూ విప్పండి!”

జనం ఈలలు వేశారు. శ్యాంబాబుకి ఊపిరాడలేదు. ఆ హాల్లో నీళ్లలో గాలి తగ్గిన శీలావతి తనొక్కడే. గింజుకుని లేచి మైకు లాక్కున్నాడు.

“విప్పకండి అక్కయ్యగారూ! ఆ వ్యాసం తప్పు. అందులో నా గొప్పేమీ లేదు.”

చప్పట్లు. ఆ వేదిక మీద శాలువా కప్పించుకున్న ప్రతివాడూ ‘నాదేముందండీ’ అన్నవాడే.

“ఎంత వినయమండీ!” అన్నారు ముందు వరసలో ఒకాయన.

“వినయం కాదండీ బాబూ! నా చేపలన్నీ చచ్చాయి. పోలమ్మక్క వేరే చేపలు వేసింది. నేను కనీసం వాటికి గుర్తు కూడా పెట్టలేదు. ఆవిడ చేసిందే అంతా!”

“కాపలా మనిషిక్కూడా పేరిస్తున్నాడు, అదీ మనిషంటే!” అని హాలంతా లేచి నిలబడింది. పోలమ్మని మోసుకొచ్చినంత పని చేసి, ఆవిడకీ ఒక శాలువా కప్పారు. ఆవిడ దాన్ని సర్దుకుని శ్యాంబాబు వైపు చూసింది. “చెప్పానా, సగం నాదని!”

పూర్ణిమ ఒక్కతే లేవలేదు, చప్పట్లూ కొట్టలేదు. ఆ పిల్ల మొహం చూశాక శ్యాంబాబు ఇంక మైకుని నమ్ముకోలేదు. భోజనాల దగ్గర లీలావతిగారి విస్తరి పక్కన చతికిలబడ్డాడు.

“అక్కయ్యగారూ, ఒక్కరోజు ఆగండి. తొట్టిలో మళ్లీ చూద్దాం. బతికితే మిషన్లు నేనే విప్పుతాను.”

“ఇంత పేరు తెచ్చుకుని నీ చేపల మీద నీకే నమ్మకం లేదేమిటయ్యా?” అని ఆవిడ విసుక్కున్నారు గానీ, అప్పటికే పెరుగులోకి వచ్చారు కాబట్టి కాదనలేకపోయారు.

ఆ సాయంత్రం అదే తొట్టి, అదే పట్టా, చెరువులో కొత్తగా పోసిన చేపలు. ఈసారి శ్యాంబాబు ప్రతి చేప తోక కొసా కొద్దిగా కత్తిరించి గుర్తు పెట్టాడు. పోలమ్మని ఆ పూటకి పెడనలో కూతురింటికి పంపేశారు. “నేను లేకపోతే చచ్చిపోతాయి, చూసుకోండి” అని బస్సెక్కేదాకా అంటూనే ఉంది.

తెల్లారి పట్టా తీశారు. అన్నీ పొట్టలు పైకి పెట్టి ఉన్నాయి. కత్తిరించిన తోకలు కత్తిరించినట్టే ఉన్నాయి.

లీలావతిగారు తొట్టి అంచు పట్టుకుని ఒక్కో చేపనీ చూశారు. తర్వాత గట్టు మీదికి కేకేశారు. “ఒరేయ్, మిషన్ల మీద చెయ్యి వెయ్యకండి! మిగతా రైతులకి కూడా ఫోన్లు కొట్టండి!” ఆ తర్వాత ఇటు తిరిగి, “శాలువా వెనక్కి ఇస్తావా తమ్ముడూ?” అన్నారు.

“ఇస్తానండి.”

“ఉంచుకో. చలికాలం పనికొస్తుంది.”

“మరి నా థీసిస్ సార్?” అంది పూర్ణిమ, తొట్టిలోకే చూస్తూ.

“మొదటినుంచీ మొదలుపెట్టాలమ్మా. నీకు నేను బాకీపడ్డాను. ఈసారి చచ్చినవాటితో మొదలుపెడదాం.”

పూర్ణిమ వంగి ఒక చేపని తీసి, తోక చూసి పక్కన పెట్టింది.

శ్యాంబాబు ఆ వ్యాసం అచ్చువేసిన పత్రికకి జరిగిందంతా రాశాడు. వాళ్లు నెలల తరబడి ఆలోచించి, వ్యాసం అడ్డంగా పెద్ద అక్షరాలతో ‘ఉపసంహరించబడినది’ అని అచ్చు కొట్టారు. హమ్మయ్య, ఇక ఫోను నోరు మూసుకుంటుందనుకున్నాడు.

మూసుకోలేదు. వ్యాసం చదవకుండా పక్కవాడి జాబితాలోంచి పేరు దింపుకునేవాళ్లు దింపుకుంటూనే ఉన్నారు. తప్పని ఒక్కొక్కరికీ ఉత్తరం రాస్తే, వాళ్లు కృతజ్ఞతలు చెప్పి, తర్వాతి వ్యాసంలో ఆ ఉత్తరాన్ని కూడా చూపించారు. తప్పుడు వ్యాసాల మీదే పరిశోధన చేసే మరో జాతి ఉందట. వాళ్లూ ఈ వ్యాసాన్ని చూపించడం మొదలుపెట్టారు. కాలేజీ పెద్దలైతే మునుపటికన్నా సైటేషన్లు పెరిగాయని గోడకి ఫ్లెక్సీ కట్టించారు. విప్పమంటే ‘ఎంత వినయమండీ’ అన్నారు.

ఒక మధ్యాహ్నం కృత్తివెన్ను గట్టు మీద, పోలమ్మ షెడ్డు ముందు పళ్లెం పెట్టుకు కూర్చున్నాడు శ్యాంబాబు. చెరువులో గాలి మిషన్లు బుడబుడా నీళ్లు చిమ్ముతున్నాయి.

“చచ్చినవి కావాలని ముందే చెబితే చచ్చినవే ఉంచేదాన్ని కదా బాబూ,” అంది పోలమ్మ, పులుసు వడ్డిస్తూ. “అడగనిదే ఎవరికి తెలుస్తుంది?”

జేబులో ఫోను టింగుమంది. శ్యాంబాబు చూడలేదు. ముల్లు తీసుకుంటూ, “ఇంకొంచెం పులుసు వెయ్యి అక్కా,” అన్నాడు.

మళ్లీ టింగుమంది.