ఓరెస్తె కుడి చెవి

గోరువెచ్చని నీళ్లలో తువ్వాలు కొన ముంచి, పిండి, ఓరెస్తె కుడి చెవిని తుడుచుకుంటున్నాడు. ముందు అంచు, తరువాత లోపలి మడతలు, చివరికి తమ్మె వెనక. ఎడమ చెవికి ఈ భోగం లేదు. ముఖం కడుక్కునేటప్పుడు దాని మీద ఎన్ని నీళ్లు పడితే అన్నే. కుడిది కూడుపెట్టే చెవి. చలి రోజుల్లో దానికి ఉన్ని గుడ్డ చుట్టేవాడు, జలుబు చేస్తే ఆవిరి పట్టేవాడు. వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ చేపలో మొదటి ముక్క కొడుక్కి వేసి, నీ చెవి చల్లగా ఉండాలి నాయనా అని దీవించేది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో అతను, అతని చెవి మిగిలారు.

ఇటలీలో వెనిస్ పక్కనున్న కియోజ్జా చేపల మార్కెట్లో వేలం వేసేవాడు ఓరెస్తె. వేలం అనగానే గొంతు చించుకుని అరిచే మనిషిని ఊహించుకుంటారు. మా దగ్గర ఆ బాపతు లేదు. పడవలు మధ్యాహ్నానికి తిరిగొస్తాయి. పెట్టె తూకం బల్ల మీదికి ఎక్కుతుంది. పాటదార్లు ఒక్కొక్కరే వచ్చి వేలం వేసేవాడి చెవిలో తమ ధర గుసగుసగా చెప్పి పక్కకు తప్పుకుంటారు. అందరూ అయ్యాక అతను ఎక్కువ చెప్పినవాళ్ల పేరు ఒక్కటి పిలుస్తాడు, అంతే. ఎవరెంత పాడారో పక్కవాడికి తెలియకూడదు, పెళ్లానికి తెలియకూడదు, చర్చిలో ఫాదరుకీ తెలియకూడదు. చెవిలో పడ్డది బయటికి రాదు.

ఈ పద్ధతి పెట్టిన పెద్దలెవరో గాని బుద్ధిమంతులు. మా ఊళ్లో సగంమందికి బోస్కొలో అనే ఇంటిపేరు, మిగతా సగానికి తియోజ్జో అనేది. అందరూ అందరికీ చుట్టాలే. ధరలు పైకి అరుచుకుంటే ఎన్ని పెళ్లిళ్లు పెటాకులయ్యేవో! ఒకే పేరుతో నలుగురైదుగురు ఉంటారు కనక ఇంటింటికీ ఒక ఎగతాళి పేరు కూడా ఉంటుంది, లేకపోతే ఉత్తరాలు పంచేవాడికి పిచ్చెక్కుతుంది. పీతవాళ్లు, గుమ్మడికాయవాళ్లు, ముక్కువాళ్లు. ఓరెస్తెది అసలు బోస్కొలో ఇంటిపేరువాళ్లలో గంటవాళ్ల ఇల్లు. మార్కెట్లో మాత్రం అందరూ అతన్ని పాదిరీ అని పిలుస్తారు, ఊరి గుట్టంతా అతని చెవిలోనే ఉంది కనక.

మనిషి పొడుగు, సన్నం. ఇన్నేళ్లుగా పొట్టివాళ్ల నోళ్లకు చెవి అందిస్తూ కుడివైపుకు కొంచెం ఒరిగిపోయాడు. ఆ రోజూ అలాగే ఒరిగి ఇంట్లోంచి బయలుదేరాడు. మా ఊరు తిని వదిలేసిన చేపముల్లులా ఉంటుంది, నడుమన పెద్ద వీధి, అటూ ఇటూ సందులు. ఇక్కడ దారి తప్పడం ఎవరివల్లా కాదు, దాక్కోవడమూ కాదు. అతను సందు దాటేసరికే ముగ్గురు కిటికీల్లోంచి పలకరించారు. ఆ రోజు అతని ఉద్యోగానికి ఆఖరి రోజని ఊరందరికీ తెలుసు.

కాలవ చివర రాతి స్తంభం మీద వెనిస్ వాళ్ల సింహం ఉంది. పాపం, చాలా చిన్నది. వెనిస్ నుంచి వచ్చినవాళ్లు దాన్ని చూసి పిల్లి అని నవ్వుతారు. చీమకు కూడా అపకారం చెయ్యని ఓరెస్తె ఆ మాట అన్నవాడితో జన్మలో మాట్లాడడు. మావాళ్లకు రోషం ఎక్కువ. జెనోవా వాళ్లు ఓడలేసుకొచ్చి ఊరు పట్టుకున్న సంగతి ఆరు వందల ఏళ్లు దాటినా మొన్న జరిగినట్టే చెప్పుకుంటారు.

మార్కెట్ గుమ్మంలో రెంజో ఎదురొచ్చాడు. రేపటినుంచి వేలం వేయబోయేది అతనే. నలభై దాటినవాడు, అయినా కొత్త పెళ్లికొడుకులా చేతులు నలుపుకుంటున్నాడు.

"బాబాయ్, పోతా పోతా ఏదైనా కిటుకు చెప్పవా?"

"చెవి కడుక్కో."

"అంతేనా?"

"వెనకవైపు కూడా."

నవ్వాడే గాని ఓరెస్తె గుండెలో దిగులు మరొకటి. అది ఉద్యోగం పోతున్నందుకు కాదు. రేపటినుంచి ఆర్మీదా నోరు అతని చెవి దగ్గరకు వచ్చే పని ఉండదు. అదీ దిగులు.

పీతవాళ్ల ఆర్మీదా మొగుడు పోయాక అతని చేపల అంగడి తనే నెత్తినేసుకుంది. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, మోకాళ్లదాకా మగవాళ్ల రబ్బరు బూట్లు. బేరంలో ఆవిడతో పెట్టుకుని గెలిచినవాడు లేడు. ఎప్పుడూ అందరికంటే ఆఖర్న వచ్చేది. చెవి అందక మునివేళ్ల మీద లేచి, పడిపోకుండా ఓరెస్తె భుజం మీద చెయ్యి వేసేది. నోట్లో సోంపు బిళ్ల వాసన. నానె అనే పాటదారు నోట్లోంచి చుట్ట, ఉల్లిపాయ, ఇంకొకరి నోట్లోంచి ఇంకేదో. ఇన్ని వాసనల మధ్య ఆ సోంపు వాసన కోసం ఓరెస్తె ప్రతి మధ్యాహ్నం ఎదురుచూసేవాడు. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆమెకు తప్ప ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసని మేమనుకునేవాళ్లం.

చెప్పొచ్చు కదా అంటారు. ఎలా చెప్తాడు? వేలం వేసేవాడి నోరు పాటదారు చెవి దగ్గరకు వెళ్లిందంటే పక్కవాళ్ల ధర ఉప్పందించినట్టే. మార్కెట్లో అంతకు మించిన పాపం లేదు. బయట చెబుదామంటే ఆమె అంగడి చుట్టూ ఎప్పుడూ జనం. పైగా బయట అతను ఒక పక్కకు ఒరిగిన పొడుగాటి మనిషి మాత్రమే. ఆదివారం సముద్రం ఒడ్డుకు నడిచొద్దామా అన్న ఒక్క వాక్యాన్ని అద్దం ముందు ఎన్నేళ్లు వల్లించాడో పాపం. ఆఖరి రోజు ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు కూడా అది పెదవి దాటలేదు.

వేలం మొదలైంది. ఆ రోజు ధరలతోపాటు అందరూ ఏదో ఒకటి ఊదిపోయారు. ఒకడు పెట్టె ధర చెప్పి, నువ్వు లేకపోతే నాకు నిజం చెప్పుకునే చోటే లేదు పాదిరీ అన్నాడు. మరొకడు ధర చెప్పడం మరిచి ముక్కు చీదుకుని వెళ్లిపోయాడు. ఓరెస్తె ముఖం వెలిగిపోతోంది. సార్డిన్ చేపలు, రొయ్యలు, నాలుక చేపలు పెట్టె వెనక పెట్టె కదిలిపోయాయి.

ఆఖరికి ఒక్క పెట్టె మిగిలింది, నిగనిగలాడే సిరా చేపలు. అటువంటి సరుకు చూసి చాన్నాళ్లయింది. మిలానో హోటళ్లకు సరుకు పంపే నానె పెద్ద పొట్ట వేసుకుని వచ్చి, చెవిలో చెప్పి, ఇక నాదే అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మిగతావాళ్లు చెప్పారు. ఆఖర్న ఆర్మీదా వచ్చింది. భుజం మీద చెయ్యి వేసింది, మునివేళ్ల మీద లేచింది.

"ధర కాదు," అంది చెవిలో. "ఆదివారం మా ఇంటికి అన్నానికి రా. రేపట్నించీ ఈ చెవి నాకెక్కడ దొరుకుద్ది?"

ఓరెస్తె నిటారుగా నిలబడ్డాడు. ఇన్నేళ్ల అలవాటు మరి, చెవిలో పడ్డవాటిలో అన్నిటికంటే గొప్పది ఎవరు చెబితే వాళ్ల పేరు పిలవడమే అతనికి తెలిసిన పని. బిగ్గరగా పిలిచేశాడు.

"పీతవాళ్ల ఆర్మీదా!"

నానె కట్టుకున్న చేతులు విడిపోయాయి. "ఎట్టా కుదురుద్ది? నేను చెప్పిన దానికి మించి ఈ లోకంలో ఎవడూ పాడడు! ఎంత చెప్పిందంట?"

ఆ ప్రశ్న మార్కెట్లో అడగకూడనిది. ఓరెస్తెకు అప్పుడు తెలిసొచ్చింది తను చేసిన పని. ఆమె ధర చెప్పలేదు. ధర లేకుండానే ఆమెకు పాట కొట్టేశాడు. ఆమె చెప్పిన మాట చెబుదామా అంటే చెవిలో పడ్డది బయటికి రాకూడదు. నిలబడ్డచోటే కొయ్యబారిపోయాడు, కుడి చెవి దానిమ్మ గింజలా ఎర్రబడింది.

"జెనోవా వాళ్లైనా ఇంత అన్యాయం చెయ్యలేదయ్యా!" అని అరిచాడు నానె.

ఆర్మీదా నడుం మీద చేతులు వేసుకుంది.

"ఆగరా నానె, గొంతు పోద్ది. నేను ధరే చెప్పలేదు. ఆదివారం అన్నానికి రమ్మన్నా. ఈ మహానుభావుడు పేరు పిలిచేశాడు."

"అక్కా, చెవిలో మాట బయటపెట్టకూడదు కదా," అన్నాడు రెంజో భయంభయంగా.

"ఆ రూలు చెవికి. నోరు నాది."

ఏనాడూ గుసగుసకు మించి వినని ఆ మార్కెట్ కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వింది. పెట్టెలు మోసేవాళ్లు పెట్టెలు దించి మరీ నవ్వారు. నానె కూడా పొట్ట పట్టుకున్నాడు.

"అయితే ఆదివారం అన్నానికి నేనూ పాడతా!"

"నీకు వండాలంటే ఇల్లమ్ముకోవాలి," అని ఆర్మీదా ఓరెస్తె వైపు తిరిగింది. "ఇంతమందిలో అడిగించుకున్నావు. వస్తావా, రావా?"

ఓరెస్తె రెంజో భుజాలు పట్టుకుని తూకం బల్ల పక్కన తను నిలబడే చోట నిలబెట్టాడు. తను రెండడుగులు ఇవతలికి వచ్చాడు. ఇప్పుడతను వేలం వేసేవాడు కాదు. నిదానంగా వంగి, అందరి కళ్లముందే ఆర్మీదా చెవిలో ఏదో చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. ఎన్నేళ్లదో కదా. ఆమె ఎర్రబడింది. బేరంలో కూడా ఆమె మొహం రంగు మారడం మేమెన్నడూ చూడలేదు. మాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

"దీనికి ఆదివారం దాకా ఎందుకు, పద," అంది ఆమె.

ఇద్దరూ తలుపు దాటి కాలవ గట్టున నడిచిపోయారు. అతను కుడివైపుకు ఒరిగే ఉన్నాడు, ఆమె అతని కుడివైపునే నడిచింది. మలుపు తిరిగేదాకా మేమంతా గుమ్మంలో నిలబడి చూశాం.

లోపలికి వచ్చాక రెంజో అడిగాడు, "మరి ఈ పెట్టె ఎవరిది?"

ఎవరెంత పాడారో తెలిసిన చెవి ఒక్కటే, అది మలుపు దాటి వెళ్లిపోయింది. తనదే పెద్ద ధరని నానె ఒట్టేశాడు గాని, ఎంతో పైకి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. మిగతావాళ్లకూ రాలేదు. మళ్లీ మొదటినుంచి పాడదామని అనడానికి కూడా ఆ పూట ఎవరికీ మనసొప్పలేదు.

తూకం బల్ల మీద ఆ పెట్టె అలాగే ఉంది, ఎవరిదీ కాకుండా, తెల్లటి మంచుముక్కల మీద నల్లటి సిరా నింపాదిగా పాకుతూ.