రాసుకునే చోటు

షహర్ బాను ట్రాలీ ఆటోలో కూర్చుని ఏడుస్తోందనుకుంది బాలమణి.

లాల్‌గడి మలక్‌పేట్‌లో ఫరీద్ ఇంటి పక్కనే ఆ ట్రాలీ ఆగి ఉంటుంది. తెల్లారకముందే ఆకుకూరలు, జామకాయలు వేసుకుని బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్లొచ్చిన ఫరీద్, మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటాడు. ఆ వేళలో అతని భార్య షహర్ బాను ట్రాలీలో డ్రైవర్ సీట్లో కూర్చుని, అద్దాలు ఎత్తేసి, తల వంచుకుని ఉండటం కొత్తిమీర కోసం వచ్చిన బాలమణి ఒకసారి చూసింది. మొగుడూ పెళ్లాల మధ్య మాటా మాటా వచ్చి ఉంటుందని ఊరుకుంది. కొన్నాళ్లకు మళ్లీ అలాగే కనబడేసరికి ఉండబట్టలేక అద్దం మీద వేలితో కొట్టింది.

అద్దం దిగింది. షహర్ బాను ముఖం మీద చెమట తప్ప కన్నీళ్లు లేవు. ఒళ్లో పరీక్షలప్పుడు వాడే అట్ట, దాని మీద తెల్ల కాగితాలు.

"ఏమైంది బానూ, ఇంట్ల ఏమన్న లొల్లా?" అని అడిగింది బాలమణి.

"లొల్లేం లేదక్కా. కథ రాసుకుంటున్న."

ఇంట్లో రెండు గదులు. ముందు గదిలో ఉల్లిగడ్డ బస్తాలు, ఎవరైనా వస్తే వేసే కుర్చీలు. వెనక గదిలో అత్త జైనబ్, టీవీ. రాయొద్దని ఎవరూ అనలేదు. కానీ కాగితం పట్టుకుని కూర్చున్న మనిషి ఊరికే కూర్చున్నట్టే లెక్క ఆ ఇంట్లో. ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. లోపలి నుంచి తలుపు వేసుకుంటే ఎవరూ తట్టని చోటు ఆ ట్రాలీ ఒక్కటే. కొడుకు తాహా చదువు అయిపోయి నాగారంలో పనికి కుదిరాక, నలభై దాటిన షహర్ బానుకు ఆ మాత్రం తీరిక చిక్కింది. చిన్నప్పుడు తెలుగు బడిలో రాసిన కథల మీద మనసు మళ్లీ అప్పుడే పోయింది.

బాలమణి నవ్వలేదు. కొత్తిమీర కట్ట పట్టుకుని కాసేపు అక్కడే నిలబడి వెళ్లిపోయింది. మర్నాడు కొత్తిమీర అవసరం లేకుండానే వచ్చింది. తాను కూడా రాస్తానని, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని గొంతు తగ్గించి చెప్పింది. తన పుట్టిల్లు కౌకూర్ గురించి, కాలనీలు రాకముందు అక్కడ తను పెరిగిన రోజుల గురించి. రెండు వాక్యాలు రాస్తుంది, కొట్టేస్తుంది. భర్త జనార్ధన్ ఒకప్పుడు సర్పంచి, ఇప్పుడు వెంచర్లు వేస్తున్నాడు. ఇంటి నిండా ఎప్పుడూ మనుషులే, వాళ్లకు చాయ్‌లే.

"నీకు రెండర్రలు, నాకు పదర్రలు," అంది బాలమణి. "కూసొని రాసుకునే జాగ మాత్రం ఇద్దరికీ లేదు."

ఆ జాగ కూడా ఆమే చూపించింది. ఊరి చివర జనార్ధన్ వెంచర్‌లో ఒక సైట్ ఆఫీసు ఉంది. రంగు జెండాలు, రాళ్లు పాతిన ప్లాట్లు, వాటి మధ్య ఒంటి గది. లోపల ఒక బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద లేఅవుట్ మ్యాపు. కొనేవాళ్లు ఆదివారం తప్ప రారు. బాలమణి తాళం చెవి అడిగితే జనార్ధన్ ఎందుకని కూడా అడగలేదు. ఆడవాళ్లు చీటీల కోసమో, ముచ్చట్ల కోసమో కూర్చుంటారనుకున్నాడు.

మొదట్లో నిజంగానే ముచ్చట్లే అయ్యాయి. కౌకూర్ నుంచి మొదలుపెట్టి కోడళ్ల దాకా వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది, కాగితాలు తెల్లగానే మిగిలేవి. ఇట్లా కాదని బాలమణి ఒక పద్ధతి పెట్టింది. ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. అది మోగేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. మోగాక ఫ్లాస్కులో చాయ్ తాగి, ఒకరు తాము రాసింది చదవాలి. విన్నవాళ్లు బాగుంది, బాలేదు అనకుండా, ఎక్కడ మనసు ఆగిందో, ఎక్కడ జారిపోయిందో చెప్పాలి.

తృప్తి అనే అమ్మాయి వచ్చింది అలాంటి ఒక పొద్దున. ఆమె సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇంటి నుంచే పని. ప్లాటు ధర కనుక్కుందామని కారు ఆపి లోపలికొస్తే, ఇద్దరు ఆడవాళ్లు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. తూర్పు ఫేసింగ్ ఉందా అని అడిగింది. బాలమణి తలెత్తకుండా చేత్తో కుర్చీ చూపించింది. ఏం చేయాలో తెలియక తృప్తి కూర్చుంది. అలారం మోగేదాకా ఫ్యాను చప్పుడు, పెన్నుల చప్పుడు వింటూ కూర్చుంది. చివరికి బాలమణి ధరలు తనకు తెలియవని, ఆదివారం వస్తే తన భర్త చెబుతాడని అంటే, తృప్తి అడిగింది ధర గురించి కాదు. రేపు కూడా మీరిలాగే కూర్చుంటారా అని. కాలేజీలో గోడపత్రిక నడిపిన పిల్ల. ఉద్యోగంలో చేరాక మెయిళ్లు తప్ప మరేమీ రాయలేదు. ప్లాటు ఎప్పటికీ కొనలేదు కానీ, వీలైనప్పుడల్లా పొద్దున ఆఫీసు పని మొదలవకముందే స్కూటీ మీద వచ్చి వెళ్లడం మొదలుపెట్టింది.

ట్రాలీలో రాసినన్నాళ్లూ షహర్ బాను ఒక్క కథా పూర్తి చేయలేదు. ఇక్కడ మూడో మనిషి కూడా చేరాక, రేపు చదవాలి కదా అనే భయంతోనో, వినేవాళ్లున్నారనే ధైర్యంతోనో కథలు చివరిదాకా వచ్చాయి. చేపలు అమ్మే ముసలామె గురించి, చెరువు కట్ట మీద గొర్రెలు కాసే మనిషి గురించి రాసింది. ఒకరోజు అవన్నీ విన్నాక తృప్తి, "మీరు ఎక్కడున్నారు ఆంటీ వీటిల్లో?" అని అడిగింది. తప్పు పట్టడానికి అడగలేదు. కానీ షహర్ బాను ఆ మాటను ఇంటికి మోసుకెళ్లింది. ఆకుకూర కట్టలు కడుతున్నా అదే, రొట్టెలు చేస్తున్నా అదే.

ఆ వానాకాలమంతా ఆమె ఒకే కథ రాసింది. తన ఇంటర్ పరీక్ష కథ.

పరీక్షలు రాయనిస్తామన్న మాట మీదే పద్దెనిమిదేళ్లకు పెళ్లికి ఒప్పుకుంది. మొదటి రోజు తెలుగు పేపరు, మేడ్చల్‌లో. పొద్దున్నే తలకు నూనె రాసుకుని, హాల్ టికెట్ సంచిలో పెట్టుకుని బయల్దేరితే, అత్త జైనబ్ గేటుకు అడ్డంగా నిలబడింది. ఎందుకో చెప్పలేదు. ఆ బస్సు పోయింది, దాని తర్వాతి బస్సూ పోయింది. ఆ తర్వాత తాహా పుట్టాడు, చదువు ఊసే లేకుండా పోయింది. ఇన్నేళ్లూ అత్తకు అన్నం పెట్టింది, మందులిచ్చింది, మాటకు ఎదురు చెప్పలేదు. కథలో మాత్రం ఆ గేటు దగ్గర నిలబడిన మనిషిని బండరాయిని చేసి పెట్టింది.

చదవాల్సిన రోజు రానే వచ్చింది. అలారం మోగింది, చాయ్ పోశారు. అప్పుడే తలుపు దగ్గర నీడ పడింది. నల్ల బురఖాలో, ఎండన పడి నడిచొచ్చి ఆయాసపడుతూ జైనబ్. కోడలు వెంచర్‌లో కూర్చుని ఇంటి గుట్టంతా కాగితాల మీద పెట్టి పటేళ్ల ఇంటి బాలమణికి వినిపిస్తోందని ఎవరో ఆమె చెవిన వేశారు.

బాలమణి లేచి కుర్చీ వేసి, నీళ్లిచ్చింది. జైనబ్ నీళ్లు తాగి, కోడలి చేతిలోని కాగితాల వంక చూసింది.

"సదువు," అంది. "నేను గూడ వింట."

ఇంట్లో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడే అత్త తనతో తెలుగులో మాట్లాడటం షహర్ బానుకు అదే మొదటిసారి. సంచిలో చేపలామె కథ కూడా ఉంది. అది చదివితే సరిపోతుంది. బాలమణి కూడా కళ్లతో అదే చెప్పింది. షహర్ బాను సంచిలో చెయ్యి పెట్టి, ఆ కాగితాలను తాకి, తీయకుండా వెనక్కి తెచ్చుకుంది. ఈ రోజు తప్పుకుంటే ఇక ఎప్పటికీ దొంగతనంగానే రాయాలి అనిపించింది. పరీక్ష కథే చదివింది. మొదట్లో మెల్లగా. గేటు దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచింది.

చదవడం అయింది. తృప్తి బల్ల వంక చూస్తూ కూర్చుంది.

"రాసింది అబద్ధం గాదు," అంది చివరికి జైనబ్. "అడ్డం నిలవడ్డ మాట నిజమే. కానీ నువ్వు నిలవడ్డ కాడ నుంచే సూసినవ్. అప్పుడు నీకు రెండో నెల. యాదికుందా?"

షహర్ బాను తలూపింది.

"ఫరీద్ కంటే ముందు నాకు ఇద్దరు వోయిన్రు. కడుపులనే. ఇద్దరూ గా మేడ్చల్ తొవ్వల, బస్సులనే. రెండోసారైతే చీరంత నెత్తురు. బస్సు దిగి మా ఆయన నన్ను ఎత్తుకొని నడిచిండు. గా సంగతి ఆయనకు తెల్సు, నాకు తెల్సు, అల్లాకు తెల్సు. నువ్వు సంచి ఏస్కొని గా బస్సుకే పోత అంటే నా కాళ్లు చేతులు ఆడలే."

"ఒక్క మాట చెప్పకపోతివి అమ్మీ," అంది షహర్ బాను. గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు.

"కడుపుతోని ఉన్న పిల్లకు గా ముచ్చట ఎట్ల చెప్త? నాకు భయమైతే కోపమే వస్తది. భయం ఎట్ల చెప్పాల్నో నాకెవ్వరు నేర్పలే." జైనబ్ ముఖం తుడుచుకుంది. "నీ పరీక్ష వోయింది. అది గూడ నిజమే. దాన్ని తీసెయ్యమంటలే."

బాలమణి ఆమెకు చాయ్ పోసింది. తాగి, కోడలితో కలిసి ఇంటికి నడిచింది జైనబ్. దారిలో మోరీ కాలువ దాటే చోట అత్త చెయ్యి చాపింది, కోడలు పట్టుకుంది.

షహర్ బాను ఆ కథను తిరగరాయాలనుకుంది, కానీ కొన్ని రోజులు ముందుకు సాగలేదు. అత్త భయాన్ని రాస్తే తన కోపం చిన్నదైపోతోంది. తన కోపం చిన్నది కాదు. అది ఆమె బతుకులో సగం. భయాన్ని వదిలేస్తే, తెలిసి తెలిసి అబద్ధం రాసినట్టవుతుంది. ఆ మాటే సైట్ ఆఫీసులో చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండిట్లో ఒకటి ఎందుకు తీసేయాలి, ఇద్దరినీ గేటు దగ్గరే నిలబెట్టు, ఎవరిది తప్పో చదివేవాళ్లు చూసుకుంటారు అంది బాలమణి. షహర్ బాను అలాగే రాసింది. తృప్తి ఆ కథను కంప్యూటర్‌లో టైపు చేసి ఒక మాసపత్రికకు పంపింది. వాళ్లు వద్దన్నారు. మళ్లీ కొన్ని వాక్యాలు మార్చి మరో పత్రికకు పంపారు. ఆరు నెలలకు అది అచ్చయింది.

కానీ అంతకంటే ముందే సైట్ ఆఫీసు పోయింది. వెంచర్‌లో ప్లాట్లన్నీ అమ్ముడై, ఆ గది ఉన్న జాగా కూడా రిజిస్ట్రేషన్ అయింది. జనార్ధన్ మాత్రం ఏం చేస్తాడు, కొన్నవాళ్లు పునాది తీస్తామన్నారు. ముగ్గురూ ఎవరి ఇంట్లో వాళ్లు రాసుకుందామని అనుకున్నారు. ఎవరూ రాయలేదు. తృప్తికి సొంత గది ఉంది, ఏసీ ఉంది, తలుపూ ఉంది. అయినా ఒక్క పేజీ కదల్లేదని ఫోన్ చేసి వాపోయింది. బాలమణి మళ్లీ చాయ్‌లలో మునిగిపోయింది. పక్కన ఇంకొకరు రాస్తూ ఉంటేనే తమ చెయ్యి కదులుతుందని ముగ్గురికీ అప్పుడు తెలిసింది.

కోడలు పొద్దున్నే ఇంట్లోనే ఉండిపోవడం జైనబ్ గమనించింది. సంగతి అడిగి తెలుసుకుంది. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చిన కొడుకును పట్టుకుని, ముందు గదిలో ఉల్లిగడ్డ బస్తాలన్నీ వెనక షెడ్డులోకి మోయించింది. వానకు తడుస్తాయని ఫరీద్ అంటే, పైన పరదా కప్పమంది. గది కడిగించింది. తన మంచం పక్కనుండే చిన్న బల్లను కిటికీ దగ్గరకు జరిపించింది. తర్వాత కోడలి చేత ఆమే కబురు పంపింది, బాలమణమ్మను రమ్మన్నానని చెప్పు అని.

ఇన్నేళ్లుగా బాలమణి ఆ ఇంటికి వచ్చేది, కానీ వాకిట్లోనే నిలబడి కూర తీసుకుని వెళ్లేది. ఆ రోజు చెప్పులు విప్పి లోపలికొచ్చి, ఎక్కడ కూర్చోవాలా అని ఒక క్షణం తటపటాయించి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. తృప్తి నేల మీద చాప వేసుకుంది. జైనబ్ వెనక గదిలో టీవీ ఆపేసి, వచ్చి వాకిలి గడప మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీయసాగింది.

ముగ్గురూ రాయడం మొదలుపెట్టిన కాసేపటికి ఫరీద్ వచ్చాడు. మార్కెట్‌లో జామకాయల రేటు గురించి ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతూ లోపలికి అడుగు పెట్టబోయాడు. జైనబ్ వెల్లుల్లి పళ్లెం పక్కన పెట్టి, గడపకు అడ్డంగా కాలు చాపింది.

"బయట మాట్లాడుకో బేటా," అంది మెల్లగా. "లోపల రాసుకుంటున్నరు."

ఫరీద్ గొంతు తగ్గించుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని వాకిట్లోకి నడిచాడు.