చాటు

"ప్రయాణం పెట్టుకుని నీళ్ళెందుకు తాగుతావు?"

పెళ్ళయిన పదమూడేళ్ళలో మా ఆయన రత్నబాబు నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదే అయ్యుంటుంది. జగ్గయ్యపేట నుంచి జి.కొండూరు మా పుట్టింటికి బండి మీద బయల్దేరేటప్పుడల్లా, నేను గ్లాసు ఎత్తగానే అంటాడు. తను మాత్రం దారిలో మూడుచోట్ల ఆపుతాడు. తుప్పల వైపు తిరిగి నిలబడి తీరిగ్గా ఫోను కూడా మాట్లాడతాడు. నేను బండి పట్టుకుని నిలబడతాను. పెళ్ళయిన కొత్తలో మా అత్తయ్య కూడా ఒక సలహా ఇచ్చింది. "మావయ్యగారు వసారాలో కూర్చునుండగా దొడ్లోకి పదిసార్లు తిరగమాకమ్మా, బాగోదు" అని. తిరగలేదు. పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం అన్నంలో ఒకటి, రాత్రి గిన్నెలు తోమాక ఒకటి. దాన్ని ఓర్పు అనుకున్నాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, గొప్ప అనుకున్నాను.

నేను ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్ని. పొలం కూలీల కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలుసుకునే పరిశోధన ఒకటి మాకొచ్చింది. దానికి పెద్ద డాక్టర్ వరప్రసాదరావు గారు. చందర్లపాడు చుట్టుపక్కల ఊళ్ళలో కూలీలకు ఐదు లీటర్ల క్యాన్లు ఇచ్చి, ఒక పొద్దుటి నుంచి మర్నాటి పొద్దుటి దాకా మూత్రమంతా అందులోనే పట్టమని చెప్పి, తిరిగి తెచ్చి కొలవడం నా పని. అర లీటరుకు తగ్గితే మధ్యలో పారబోశారని అర్థం. ఆ క్యానుకు పరీక్ష ఉండదు. పేరు కొట్టేస్తాం.

మొదటి నెలలో మగవాళ్ళవి రెండు పోయాయి. ఆడవాళ్ళవి పంతొమ్మిది.

"ఆడవాళ్ళు సిగ్గుపడి సగం బయటికి పోసి, అంతా పట్టామంటారు. నువ్వు సరిగ్గా చెప్పట్లేదు రోజారమణీ" అన్నారు డాక్టరు గారు. ఆయన చెడ్డమనిషి కాదు. నేనూ లోపల అదే అనుకున్నాను, అదీ నా బాధ.

ఆ కోపంతోనే పున్నమ్మ దగ్గరికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి, మిరపకాయ కోతలకు పోతుంది. ఆమె క్యాను అడుగున నాలుగు వందల మిల్లీలీటర్లు, మరిగిపోయిన డికాషన్ రంగులో.

"నిజం చెప్పు పిన్నీ, ఎక్కడ పారబోశావు?" కసిరాననే చెప్పాలి.

ఆమె కాయలు కోస్తూనే, "ఉంటేగా పారబొయ్యటానికి. పన్లో ఉన్నంతసేపూ నీళ్ళే తాగం" అంది.

"ఇంత ఎండలో దాహం వెయ్యదా?"

"దాహం లేక కాదమ్మా, చాటు లేక." నడుం నిలబెట్టి చెయ్యి చుట్టూ తిప్పింది. "చూడు. నడుం ఎత్తు తోట. ఆ పక్క రోడ్డు, ఈ పక్క మూటలు కట్టే మగోళ్ళు. వాళ్ళకేం, గట్టు మీద అటు తిరిగితే అయిపోద్ది. తాగితే మనం ఎక్కడికి పోతాం?"

తర్వాత నా సంచిలోకి చూసింది. "నువ్వు మాత్రం? పొద్దున్నుంచి మా ఊళ్ళు తిరుగుతున్నావు. సీసా మూత తీసినట్టే లేదే."

నిజమే, నిండు సీసా. తిరుగు బస్సులో ఆ ఒక్కమాటే నమిలాను. చాటు. తండ్రి చాటు పిల్ల అన్నారు, మొగుడి చాటు ఆడది అన్నారు. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరి చాటున ఉండమన్నవాళ్ళే, మాకు నిజంగా చాటు కావలసిన చోట ఒక తడిక కూడా కట్టలేదు. పైగా ఎండి, ఎండి, ఉన్నదంతా పట్టి ఇస్తే, అబద్ధాలాడుతున్నారని నేనే ఎర్రపెన్నుతో పేర్లు కొట్టాను. ఆ పెన్ను పట్టిన చేతికీ ఒంట్లో నీళ్ళు లేవు.

మర్నాడు ఒక క్యాను ఇంటికి తెచ్చాను. "ఆస్పత్రి కంపు ఇంట్లోకి తెచ్చావా?" అన్నాడు మా ఆయన. "ప్రార్థన చేసుకునే ఇల్లమ్మా" అంది అత్తయ్య. రోజూ బతికినట్టే ఒక రోజు బతికి, చుక్క పోకుండా పట్టాను. నాలుగు వందల అరవై.

డాక్టరు గారి ముందు పెట్టాను. భయం లేకపోలేదు. కాంట్రాక్టు ఉద్యోగమాయె.

"ఇది నాది సార్. మన రూలు ప్రకారం నేనూ అబద్ధం చెప్పినట్టే. క్రియాటినిన్ ఎంతుందో చూద్దాం సార్. నీళ్ళు తాగినా తాగకపోయినా ఆ వ్యర్థం ఒంట్లోంచి రోజూ ఇంచుమించు ఒకే లెక్కన పోతుంది కదా. అది సరిపోతే రోజంతా పట్టినట్టే. తక్కువున్నాయని మనం చూడకుండానే పక్కన పెట్టేస్తున్నాం. ఆ పంతొమ్మిది మందివీ కొలిచినప్పుడు తీసిన నమూనాలు చిన్న సీసాల్లో ఫ్రీజర్లో ఉన్నాయి."

కసురుతారనుకున్నాను. క్యాను ఎత్తి, గీత దగ్గర లెక్క చూసి, "చెయ్యమ్మా" అన్నారు. ఆ ఒక్కమాటకు ఆయనకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

పంతొమ్మిదిలో పదిహేడు సరిపోయాయి. డాక్టరు గారు కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసేశారు. "పదిహేడు మందిని అబద్ధాలకోర్లని చేశాను" అన్నారు. ఆ పదిహేడు పేర్లూ మళ్ళీ ఎక్కాయి. వాళ్ళందరికీ మిగతా పరీక్షలు చేస్తే పున్నమ్మ కిడ్నీలు దెబ్బతినడం మొదలైందని తేలింది. మొదట్లోనే దొరికింది కాబట్టి మందులతో నిలబెట్టొచ్చన్నారు. ఆ పూట ల్యాబులో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను, దేవుడికి స్తోత్రం చెప్పుకుంటూ.

పరిశోధన ఫారంలో కొత్త ప్రశ్న చేర్చాలన్నారు డాక్టరు గారు. "మరుగుదొడ్డి సౌకర్యం ఉందా, అని రాద్దామా?"

"వద్దు సార్. ఇంట్లో ఉన్నదాన్ని తలుచుకుని ఉందనేస్తారు. పని చేసేచోట చాటు ఉందా, అని అడగండి."

అలాగే రాశారు. ఈ ప్రశ్న రోజారమణి ఇచ్చిందని పైవాళ్ళకు రాస్తానంటే, పున్నమ్మ ఇచ్చిందని రాయమన్నాను. పరీక్షలో ఉన్నవాళ్ళ పేర్లు బయట పెట్టకూడదట. అందుకే అసలు పేరు దాచి, పున్నమ్మ అని ఇక్కడ రాసుకుంటున్నాను. ఆమె నా సీసా వైపు చూడకపోయి ఉంటే నా దాహం సంగతి నాకే తెలిసేది కాదు.

నిన్న ఆదివారం మళ్ళీ జి.కొండూరు ప్రయాణం. మా ఆయన బండి స్టార్ట్ చేసి, వాకిట్లో గ్లాసుతో ఉన్న నన్ను చూశాడు.

"ప్రయాణం పెట్టుకుని నీళ్ళెందుకు తాగుతావు?"

గ్లాసు ఖాళీ చేసి, ఇంకొకటి ముంచుకున్నాను. అదీ తాగి మూతి తుడుచుకున్నాను.

"నందిగామ దాటాక పెట్రోలు బంకులో ఆపండి. నేను దిగుతా" అన్నాను. "మీరు బండి పట్టుకుని నిలబడండి."