వాపు మాత్ర

వీరాయమ్మత్త నెత్తురు కక్కుకుందని ఫోనొస్తే హైదరాబాదులో బస్సెక్కి పొద్దున్నే అమలాపురంలో దిగాను. ఆస్పత్రిలో డాక్టరు ముందు చూపించింది అత్తని కాదు, ఖాళీ అయిన మాత్రల అట్టని. ఒంటినొప్పులకీ వాపులకీ వేసే మాత్రలు. రోజుకి మూడు చొప్పున నాలుగు నెలలుగా, డెబ్బై ఏళ్ళ మనిషికి. కడుపులో పుండు పడి రక్తం కారుతోందని, రెండు రోజులు గడిస్తేగానీ ఏమీ చెప్పలేనని అన్నారాయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ మేనత్తే. రెండేళ్ళుగా ఆవిడకి అల్జీమర్స్. ఎసరు పెట్టి మరిచిపోవడంతో మొదలై, ఇంట్లో మనుషుల్ని మరిచిపోయేదాకా వచ్చింది. కడుపులో నొప్పి అని కూడా చెప్పుకోలేని మనిషికి ఇన్ని మాత్రలు మింగిస్తారా ఎవరైనా?

గంగాధరరావు మావయ్య వరండాలో బల్ల మీద కూచున్నాడు. అల్లవరంలో కొబ్బరితోట చూసుకుంటూ, ఎవర్నీ పల్లెత్తు మాట అనకుండా బతికిన మనిషి. అయినా కడిగేశాను. ఎవరు రాశారు, ఎవర్నడిగి వేశారు, బుర్ర ఉండే చేశారా అని పదిమంది వింటుండగా అడిగాను. ఆయన చొక్కా జేబులోంచి మడతలు పడ్డ పేపరు ముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

జిల్లా ఎడిషన్లో వచ్చిన వార్త. ఫొటోలో శాలువా కప్పుకుని నేను. పైన పెద్దక్షరాలతో ‘వాపు తగ్గితే మతిమరుపు మాయం: కోనసీమ ఆడపడుచు పరిశోధన’.

ఐదు నెలల కిందట, 2005 వేసవిలో, అమలాపురంలో నాకు చేసిన సన్మానం అది. నా పరిశోధన లైపాక్సిజనేజ్ అనే ఎంజైము మీద. మెదడులో కొవ్వు ఎక్కువ. ఈ ఎంజైము ఆ కొవ్వుని ఆక్సిజన్‌తో కలిపి పాడుచేస్తుంది, మూత తీసి వదిలేసిన నూనె పాడైనట్టు. దాంతో మెదడులో వాపు రేగుతుంది. అల్జీమర్స్‌తో పోయినవాళ్ళ మెదళ్ళలో ఈ ఎంజైము ఎక్కువగా కనబడింది. దీన్ని ఆపితే ఏమవుతుందో మేం ఎలకల్లో చూస్తున్నాం. ఎలకల్లో, అంతే. వేదిక మీద ఇదే చెప్పి కూచున్నాను. తర్వాత మా సైన్సు మాస్టారు సత్యదుర్గారావుగారు మైకు తీసుకుని, అంటే వాపు మాత్ర వేసుకుంటే మతిమరుపు పోతుందన్నమాట అని తేల్చేసి నా వైపు చూశారు. హాలంతా చప్పట్లు. చదువు చెప్పినాయన్ని నలుగురిలో కాదనడం మా వైపు మర్యాద కాదు. నవ్వి దణ్ణం పెట్టాను.

ఇప్పుడు మాస్టారి మీద, పేపరువాళ్ళ మీద, చీటీ లేకుండా మాత్రలమ్మిన షాపు మీద పళ్ళు నూరాను. ఎవర్ని తిట్టుకున్నా కోపం తిరిగొచ్చి నా మీదే పడుతోంది. మోకాలి వాపు మాత్రతో ఈ జబ్బు తగ్గుతుందని ఎవరూ తేల్చలేదని చెప్పడానికి ఆ రోజు నాకు అర నిమిషం సరిపోయేది.

“పనిచేసింది అమ్మాయ్, ఒట్టు,” అన్నాడు మావయ్య. “లేచి ఇల్లంతా తిరిగింది. ఏవండీ, కాఫీ తాగేరా అని అడిగింది. నువ్వొచ్చేసరికి బాగుచేసి చూపిద్దామని ఫోన్లో చెప్పలేదు.”

అత్త మోకాళ్ళ నొప్పులు ఇరవై ఏళ్ళనాటివి. మాత్రతో నొప్పి తగ్గింది, నిద్ర పట్టింది, నాలుగడుగులు వేసి నవ్వింది. ఆయన దాన్ని చూసి జ్ఞాపకం తిరిగొచ్చిందనుకున్నాడు. ఆ సంగతి ఆయనకి విడమర్చి చెబుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా మొత్తం చెప్పాను.

మూడోరోజు రక్తం ఆగింది. ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారు డాక్టరు. మంచం మీద అత్త మమ్మల్నిద్దర్నీ కొత్తవాళ్ళని చూసినట్టు చూస్తోంది. మావయ్య ఆవిడకి దుప్పటి సర్దుతూ, ఆ మాత్ర మానేస్తాను, దాని బదులు ఏది వెయ్యమంటావో చెప్పమన్నాడు.

“ఏదీ లేదు మావయ్యగారూ,” అన్నాను. “అత్తకి మళ్ళీ జ్ఞాపకం తెప్పించే మందు ఇంకా రాలేదు. నా దగ్గరా లేదు, ఎక్కడా లేదు.”

ఆయన దుప్పటి సర్దడం ఆపాడు. నన్ను ఎత్తుకుని తోటంతా తిప్పి పెంచిన మనిషి, అమ్మాయ్, నువ్వు అని తప్ప ఎప్పుడూ పిలవని మనిషి, నా మొహంలోకి చూసి మెల్లగా అన్నాడు.

“ఆ మాట ఆ రోజు మైకులో చెప్పవలసిందండీ.”