మెట్టు మీద తువ్వాల

నర్సింగమ్మ తన జన్మలో ఒక్కటే చెడ్డ బేరం చేసింది. అదీ డబ్బు మిగులుతుందనే చేసింది.

కేతేపల్లి చుట్టుపక్కల చింతచెట్లను కాయ మీదనే గుత్తకు పట్టి, పండు రాల్పించి, నార్కట్‌పల్లి అడ్డరోడ్డు మీద లారీలవాళ్ళకు అమ్మే మనిషి ఆమె. చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగితే చాలు, దాని మీద ఎంత పండుందో చెబుతుంది. బుట్టలో పైపండు చూసి ధర కట్టిన పాపాన ఎన్నడూ పోలేదు. చెయ్యి అడుగుదాకా పెట్టి, అక్కడి పండు నోట్లో వేసుకుని, అప్పుడు పెదవి విప్పుతుంది. భర్త మైసయ్య మూసీ కాలువ కింద ఉన్న కాస్త పొలం చూసుకుంటాడు. ఒక్కగానొక్క బిడ్డ అండాలు ఆ ఏడు నల్లగొండలో పి.యు.సి. ఫస్టు క్లాసులో పాసయింది.

పాసయిందాకా బాగానే ఉంది. ఇక ఏ కాలేజీ అన్న దగ్గర చిక్కొచ్చింది. అండాలుకు పట్నం అంచున ఉన్న వ్యవసాయ కళాశాల మీద మనసు. తల్లిని అడక్కుండానే అర్జీ కూడా పంపుకుంది. నర్సింగమ్మ తమ్ముడు ఎల్లస్వామి హైదరాబాదులో బస్సు డిపోలో గుమస్తా. మేనకోడలి కోరిక విని అతను నవ్వాడు.

"ఎవుసం నేర్సుకోనీకి కాలేజెందుకక్కా? బావ గట్టు మీద నిలబడి ఉత్తగనే నేర్పుతడు. నాకెరుకైన కాలేజొకటుంది. బీకాం. బ్యాంకుల నౌకరి పక్కా అంటుండ్రు."

"ఎవలంటుండ్రు?"

"కాలేజోళ్ళే."

"నా పండ్ల పురుగుందని నేనెన్నడన్న చెప్పిన్నా తమ్మీ?"

అలా అననైతే అన్నది కానీ, తమ్ముడి మాట తీసెయ్యలేక బిడ్డను వెంటబెట్టుకుని పోయి చూసింది.

ఆ కాలేజీ సుల్తాన్‌బజార్ సందులో, ఒక బట్టల దుకాణం పైన, మేడ మీద ఉంది. బల్ల మీద గాజుపలక, గాజుపలక వెనక ఇస్త్రీ చొక్కా వేసుకున్న మేనేజరు. సీట్లు అయిపోతున్నాయనీ, ఇవాళే అడ్వాన్సు కట్టిపొమ్మనీ తొందరపెట్టాడు. బయానా ఇవ్వని సరుకు పరుల పాలవుతుందని నర్సింగమ్మకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కానీ నడుముకు కట్టుకున్న పైకం చెట్ల గుత్తకు దాచిపెట్టింది. అందులోంచి ఒక నోటు తీయాలన్నా ఆమెకు పాణం ఒప్పదు.

"పైసలు తర్వాత తెస్తం సారూ. అందాక ఈ కాగితాలు మీ దగ్గరుంచుకోరి. మనసు గలిస్తే కడతం, గలవకుంటే కాగితాలు తీస్కపోతం" అని అండాలు చేతిలోని సర్టిఫికెట్లు తీసి బల్ల మీద పెట్టేసింది.

మేనేజరు మారుమాట లేకుండా వాటిని సొరుగులో వేసి తాళం తిప్పాడు.

అండాలు తల్లి కొంగు లాగింది. "అమ్మా, అవి అసలు కాగితాలే."

"ఊకో బిడ్డా. కాగితాలను ఎవడు తింటడు?"

అంగట్లో ఎన్నో సార్లు నర్సింగమ్మ గంపనో, తూకపు రాయినో కుదవ పెట్టి వచ్చింది. రెండింట్లో చవకది వదిలి, పిరమైనది కాపాడుకోవడం ఆమె చేతి అలవాటు. నోటు ఉన్నచోటే ఉంది కదా అని సంతోషంగా మెట్లు దిగింది.

కింద బట్టల దుకాణంలో మైసయ్యకు ధోవతి బేరం చేస్తుంటే, బట్ట కొలుస్తున్న యువకుడు పలకరించాడు. తానూ పైకాలేజీలోనే బీకాం చదివానన్నాడు.

"మరి బ్యాంకుల నౌకరి రాలేదా నాయినా?"

"మా వాళ్ళలో ఒకడికి వచ్చిందమ్మా. వాడి మేనమామ అక్కడే మేనేజరు."

"మిగిలినోళ్ళు?"

అతను గజం బద్దతో తన గుండెను చూపించుకుని, తర్వాత ఎదురుగా ఉన్న గిన్నెల దుకాణం చూపించాడు. నర్సింగమ్మ చెయ్యి అప్పటికి గాని బుట్ట అడుగుదాకా పోలేదు. ధర మాత్రం ముందే కట్టేసి వచ్చింది.

ఇద్దరూ ఇంటికి వచ్చే బస్సెక్కారు. నకిరేకల్ దాటాక అండాలు మెల్లగా అడిగింది.

"అమ్మా, పోయిన యాసంగిల మన కొత్త తైచుంగ్ వరి గింజ పట్టక తెల్లకంకి పోతే బాపు ఎవలనడిగిండు?"

"ఎవలనడుగుతడు? అడగనీకి ఎవలున్నరు?"

"నేను చెప్పేది గదే."

నర్సింగమ్మ కిటికీలోంచి చూసింది. మూసీ నీళ్ళు వచ్చాయి. సాగర్ నీళ్ళు వస్తున్నాయి. నీళ్ళొస్తే కొత్త వరి, కొత్త వరికి కొత్త పురుగు. జిల్లా అంతా గిరాకీ ఉంది, చెప్పే దుకాణం ఒక్కటి లేదు. తను ఏటా చెట్టు మీది పండు లెక్కపెట్టుకుంటుంటే, బిడ్డ ఇంకా మొలవని చెట్టు లెక్క చూసింది.

"ఎవుసం కాలేజీకే పోదువు తియ్యి" అన్నది.

వారం తిరగకుండా కార్డు వచ్చింది. సోమవారం ఇంటర్వ్యూ. అసలు సర్టిఫికెట్లు లేనివాళ్ళను లోపలికి రానివ్వరని అందులో ఉంది.

శనివారం పొద్దున్నే తల్లీబిడ్డా, ఎల్లస్వామీ మేడ మెట్లెక్కారు. మేనేజరు వాళ్ళను కూర్చోమనలేదు.

"అసలు కాగితాలు ఇచ్చారంటే సీటు తీసుకున్నట్టేనమ్మా. ఏడాది ఫీజంతా కట్టి పట్టుకెళ్ళండి."

కడితే ఆ ఏడు చెట్ల గుత్త లేదు, రేపు అండాలు హాస్టలుకు పైసా ఉండదు. కట్టకపోతే సోమవారం బిడ్డ గేటు దగ్గరినుంచే తిరిగిరావాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"పోనీ ఈడ్నే చదవనియ్యక్కా" అన్నాడు ఎల్లస్వామి.

అండాలు ఏడ్చి ఉంటే నర్సింగమ్మ ఓదార్చి ఊరుకునేదేమో. ఏడవకుండా సొరుగు వంకే చూస్తూ నిలబడింది. అది చూసి తల్లి గబగబా మెట్లు దిగింది. ఎండకు తల మీద వేసుకున్న ఎర్ర తువ్వాల తీసి, కింది మెట్టు మీద అడ్డంగా పరిచి, దాని పక్కన కూర్చుంది.

వాళ్ళవైపు అంగట్లో అదొక కట్టుబాటు. బేరంలో అన్యాయమైందనుకున్న మనిషి దుకాణం ముందు తువ్వాల పరుస్తాడు. తిట్టడు, అరవడు, ఊరికే కూర్చుంటాడు. తగవు తెగేదాకా కొనేవాళ్ళు ఆ తువ్వాల దాటరు.

కానీ పట్నానికి ఆ కట్టుబాటు ఏం తెలుసు? చెప్పుల కాళ్ళతో దాటి పోయారు. ఒకాయన తొక్కి కూడా పోయాడు.

"అక్కా, లే. గిది అంగడి గాదు. నా ఇజ్జత్ పోతాంది."

"నీ ఇజ్జత్ జర పక్కకు జరుపుకో తమ్మీ, ఎవలన్న తొక్కుతరు."

ఎండ సందులోకి దిగింది. అప్పుడొక ముసలాయన మనవణ్ణి తోలుకుని వచ్చాడు. పెద్ద రుమాలు, చేతికర్ర, మూరెడు మీసం. మెట్టెక్కబోయి, లేపిన కాలు లేపినట్టే ఆపి, వెనక్కి పెట్టాడు.

"ఎవల మీద పరిచినవ్ చెల్లె?"

"పైనున్న సారు మీద. మీదే ఊరన్నా?"

"అచ్చంపేట. ఏమైంది?"

దాపరికం లేకుండా చెప్పింది. తన తెలివితక్కువ బయానా సంగతి కూడా దాచలేదు. ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు, మనవణ్ణి పక్కకు లాగి అక్కడే నిలబడ్డాడు. వెనకాల కల్వకుర్తి నుంచి ఒక సంసారం వచ్చింది, వాళ్ళూ ఆగారు. తర్వాత దేవరకొండవాళ్ళు. ఆ కాలేజీకి ఫీజులు కట్టేవాళ్ళలో పట్నంవాళ్ళు ఎందరో గాని, ఆ పూట వచ్చినవాళ్ళు ముప్పాతిక మంది పల్లెల వాళ్ళే. కాసేపటికి సందు నిండిపోయింది.

మేనేజరే కిందికి దిగి వచ్చాడు. "ఏమిటిది? దారివ్వండి!"

"దారున్నది సారూ" అన్నాడు ముసలాయన. "మేమే పోతలేం."

"చదువుల దగ్గర సంత పెడతారా?"

నర్సింగమ్మ లేచి నిలబడింది. "సంతనే అనుకో సారూ. బేరం ఇడిసింది నేను, కాదన. బయానా పోగొట్టుకుంట. బయానా అంటే పలుపుతాడు, బర్రె గాదు. తాడు ఉంచుకో, బర్రెను ఇడువు." అని నడుములోంచి ఒక పది రూపాయల నోటు తీసి చెయ్యి చాచింది.

"ధర్మంగనే ఉన్నది" అన్నాడు ముసలాయన. వెనక నలుగురు తలలూపారు.

మేనేజరు ఆ నోటునూ చూశాడు, నోట్లు మూటగట్టుకుని ఆగిపోయిన జనాన్నీ చూశాడు. అతనిదీ వ్యాపారమే. పైకి పోయి కాగితాలు తెచ్చిచ్చాడు. అండాలు ఒక్కొక్కటీ విప్పి చూసి గుండెకు హత్తుకుంది.

"ఇగ మేం పైకి పోవచ్చునా చెల్లె?" అన్నాడు ముసలాయన.

"మీ ఇష్టం అన్నా. పోయేముందు జర ఆ బట్టల దుకాణంల అడిగిపోరి" అంటూ నర్సింగమ్మ తువ్వాల దులిపి తలమీద వేసుకుంది.

సోమవారం అండాలు వంతు మధ్యాహ్నం వచ్చింది. కిటికీ తెరిచే ఉంది. వరండాలో నిలబడ్డ నర్సింగమ్మకు ప్రతి మాటా వినబడింది.

"బురదలో దిగాలమ్మా ఈ చదువుకు. ఆడపిల్లవు, దిగగలవా?"

"మా ఊర్ల నాటేసేది ఆడోళ్ళే సార్. మగోళ్ళు గట్టు మీద నిలబడి చూస్తరు."

లోపల నవ్వులు. తర్వాత ఇంకొక గొంతు తెల్లకంకి ఎప్పుడైనా చూశావా అని అడిగింది. కంకి పట్టి లాగితే తేలిగ్గా ఊడివచ్చిందనీ, కాడ చీల్చి చూస్తే లోపల పురుగుందనీ, తన తండ్రి దిగుబడి సగానికి పడిపోయిందనీ అండాలు చెప్పింది.

"మరి దానికి మందేమిటి?"

"తెల్వదు సార్. తెల్సుకోనీకే వచ్చిన."

నర్సింగమ్మ నెత్తి కొట్టుకుంది. అమ్మకానికి పెట్టిన సరుకులో తరుగును ఎవరైనా బయటపెట్టుకుంటారా? అంతలో లోపల ఒక పెద్దాయన గొంతు వినబడింది. "పొద్దున్నుంచీ తెలియదన్నది ఈ అమ్మాయి ఒక్కతే. రాసుకోండి."

సాయంత్రం గోడకు అంటించిన పేర్లలో అండాలు పేరుంది. నర్సింగమ్మకు చదవరాదు. బిడ్డ వేలు ఆగిన చోట తన వేలు పెట్టి, ఆ అక్షరాలు వెచ్చగా తగిలినట్టు కాసేపు అలాగే ఉంచింది.

తిరుగు బస్సులో ఆమె గొంతు డ్రైవరు దాకా వినిపించింది. ముందు సీట్లో కూర్చున్న సూర్యాపేట వైపు రైతు ఒకాయన చివరికి వెనక్కి తిరిగాడు.

"ఎవుసం చదువుతదా ఈ పిల్ల? నా నారుమడి ఎర్రబడుతాంది. ఏం చెయ్యాలె బిడ్డా?"

"నాలుగేండ్లు ఆగు బావా" అన్నది నర్సింగమ్మ. "అప్పుడు చెప్తది."

అండాలు అప్పటికే ముందుకు వంగింది. "ముందుగాల లేతాకు ఎర్రబడ్డదా పెదనాయినా, ముదురాకా? మడిల నీళ్ళు నిలుస్తున్నయా?"

రైతు పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. పక్క సీటువాడు కూడా తన నారు సంగతి ఎత్తుకున్నాడు. నర్సింగమ్మ బిడ్డకు వీలుగా ఉండాలని కొంచెం పక్కకు జరిగి, గిరాకీని చెడగొట్టడం ఇష్టంలేక, ఆ రోజు మొదటిసారి నోరు మూసుకుంది.